చెన్నై బస్సు

చోడవరం,
శ్రావణ మాసం.

పెద్ద వదిన సన్యాసమ్మ గారికి,

మరదలు అప్పలనరసమ్మ రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలంటారు. అలా మొదలుపెడితే ఉత్తరం అక్కడే అయిపోతుంది. అందుకని మానేశాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీరు నవ్వుకుంటారు. ఫోను అత్త చేతిలో ఉంటుంది. నాకిచ్చినా స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటుంది. అసలే నాకు నలుగురిలో నోరు పెగలదు. ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు ఎందుకూ పనికిరాలేదనుకునేదాన్ని. ఇందుకు పనికొచ్చాయి.

మీ తమ్ముడికి ఇంక ఆసుపత్రిలో పడక అక్కర్లేదని విశాఖలో పంపించేశారు కదా. ఊరికే పంపలేదు. అనకాపల్లిలో డే కేర్ అని ఒకటుంది, సెలవు రోజులు తప్ప రోజూ పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తీసుకురండి, ఇంటి మనిషి ఒకరు తోడుండండి అన్నారు. అత్త రానంది. కనక నేను.

ఆ వైభవం మీకు చెప్పాలి. ఏదో పెద్ద వైద్యం చేస్తారనుకున్నాను. పొద్దున్నే అందరినీ గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టి, రాత్రి నిద్ర పట్టిందా, మాత్ర వేసుకున్నావా, ఇవాళ మనసెలా ఉంది అని ఒక్కొక్కరినీ అడుగుతారు. మీసాలున్న మగాళ్ళు వంతు వచ్చేదాకా ఆగి చెబుతారు. తర్వాత కాగితం సంచులు అతికిస్తారు. మధ్యాహ్నం వాళ్ళ పప్పు వాళ్ళే వండుకుంటారు. అందులో ఉప్పుండదు. మా రావికమతం అంగన్‌వాడీలో ఇంతకన్నా ఎక్కువ నేర్పేవారు, గుడ్డు కూడా పెట్టేవారు. బస్సు కండక్టరు మమ్మల్ని గుర్తు పట్టేశాడు. "ఏటమ్మా, పిచ్చోళ్ళ బడికేనా" అని అడిగి మరీ టికెట్టు కొడతాడు.

మా ఇంటికి పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మీరు మా అమ్మతో అన్న మాట నాకు గుర్తుంది. "మావోడు కాస్త నెమ్మదస్తుడు, పెల్లయితే సురుగ్గా అయిపోతాడు" అన్నారు. ఇప్పుడు ఆయన గోడలతో మాట్లాడటంలో చాలా చురుగ్గా ఉన్నారు. పెళ్ళే మందనుకున్నారు కాబోలు. ఏ జబ్బుకి వాడుతున్నారో కనీసం మందుకైనా చెప్పవలసింది.

మీ మరదలు,
అప్పలనరసమ్మ


గాజువాక, విశాఖపట్నం.

నరసమ్మకి,

నీ ఉత్తరం అందింది. కవరు చూసి కోర్టు నోటీసేమోనని మీ అన్నయ్యగారు గాభరా పడ్డారు. ఫోనులో మెసేజి పెడదామంటే ఆయనా పిల్లా నా ఫోను తిరగేస్తూనే ఉంటారు. అందుకని నేనూ కాగితమే కొనుక్కున్నాను. చదివి చింపెయ్యి.

నీకు చదువు తక్కువ, వెటకారం ఎక్కువ. మా నాన్న పోయాక ఉమామహేష్‌ని పెంచింది నేను. వాడికేం కావాలో రావికమతం నుంచి వచ్చి నువ్వు నేర్పక్కర్లేదు.

అసలు సంగతి విను. మన ప్రత్యూషకి వడ్డాది సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి శ్యాంప్రసాద్, పరవాడలో ఉద్యోగం. పెద్దబ్బాయి చెన్నైలో పెద్ద కంపెనీలో మేనేజరట. ఇంటికి రావడానికి కూడా తీరిక చిక్కదట. తల్లి అచ్చియ్యమ్మ గారు మాటకి ముందోసారి వెనకోసారి "మా వంశంలో" అంటారు. అలాంటి ఇంటివాళ్ళకి పిల్ల మేనమామ రోజూ పిచ్చోళ్ళ బడికి వెళుతున్నాడని తెలిస్తే ఏమవుతుంది? అనకాపల్లి బస్సుల్లో తిరిగేది వడ్డాది జనమే. మాన్పించెయ్యి.

ఇంకొకటి. దానికి సొంత మేనమామ వాడొక్కడే. పెళ్ళిలో పిల్లని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది వాడే. మొన్న చూశాను, చేతులు వణుకుతున్నాయి, కళ్ళు మత్తుగా ఉన్నాయి, నోటి చివర తడి. అదంతా ఆ మాత్రల వల్లే. వాళ్ళు వాణ్ణి మొద్దుని చేస్తున్నారు, నువ్వు బస్సెక్కించి మరీ చేయిస్తున్నావు.

సన్యాసమ్మ


చోడవరం,
భాద్రపదం.

వదిన గారికి,

మాన్పించలేదు. ముఖ్యమైన సంగతి అదే. మిగతాది చదవకపోయినా ఫరవాలేదు.

ఆ చోటు మీద నాకేం గౌరవం పుట్టలేదు. పప్పులో ఇంకా ఉప్పు లేదు. ఒక పిల్ల వచ్చి మమ్మల్ని కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టమంటుంది. చెరుకు మోసినవాళ్ళకి ఊపిరి ఎలా తియ్యాలో చెప్పడానికి దానికి జీతమిస్తారట. కానీ మీ తమ్ముడు నిద్రపోతున్నారు. మాత్ర తనే అడిగి వేసుకుంటున్నారు. మొన్న ఆ గుండ్రంలో వంతు వచ్చినప్పుడు, "గొంతులు తగ్గేయండి. పోలేదు గానీ, దూరంగా ఎల్లేయి" అన్నారు. ఆయనకి గొంతులు వినబడతాయని ఇన్నేళ్ళ కాపురంలో నాకెవరూ చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు చెప్పారు. నేను వరండా బల్ల మీద కూర్చుని విన్నాను. మీకు మొదటినుంచీ తెలుసనుకుంటాను.

అక్కడ పొడుగ్గా ఒక అబ్బాయి ఉన్నాడు. జేబులో దువ్వెన పెట్టుకుని పూటంతా తల దువ్వుకుంటూనే ఉంటాడు. మీ తమ్ముడికి వాడితో జత కుదిరింది. వాడి తల్లి నాతోపాటు వరండాలోనే కూర్చుంటుంది, మొహం మీదికి కొంగు లాక్కుని, దొంగతనానికి వచ్చినట్టు. ఊరూ పేరూ చెప్పదు. ఆ చప్పిడి పప్పు చూసి జాలిపడి నాకింత మాగాయ పెట్టింది. పేర్లు చెప్పుకోకపోవడం అక్కడ తప్పు కాదు లెండి. ఇక్కడ చూసిన మనిషి సంగతి బయట చెప్పకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది.

అత్త గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. రోజూ సాయంత్రం మేం రాగానే, "మొగుణ్ణి బడి నుంచి తెచ్చేవా, పాసయ్యేడా" అని వీధిలోకి వినబడేలా అడుగుతుంది. మీ అమ్మగారికి గొంతు బాగుంది.

అప్పలనరసమ్మ


గాజువాక.

నరసమ్మకి,

ఈ ఉత్తరం చూసేసరికి నువ్వు రావికమతం నుంచి తిరిగి వచ్చి ఉంటావు. మీ అమ్మకి జ్వరం తగ్గిందనుకుంటాను. నువ్వు వెళ్ళావని అమ్మ చెబితే కారు తీసుకుని వచ్చి మహేష్‌ని నాతో తెచ్చుకున్నాను. నా తమ్ముణ్ణి నా ఇంటికి తెచ్చుకోవడానికి నీ సంతకం అక్కర్లేదు.

మాత్రలన్నీ మురుగుకాలవలో పోశాను. ఇవి విషంరా, ఇవి నిన్ను మనిషిని కానివ్వవు అని వాడికి నచ్చజెప్పాను. ఇప్పుడొచ్చి చూడు. కళ్ళలో మత్తు లేదు. గ్లాసెడు మజ్జిగ చుక్క ఒలక్కుండా తాగాడు. పొద్దున బియ్యం బస్తా రెండు చేతులా ఎత్తి ప్రత్యూషకి చూపించాడు, "నిన్ను ఇలాగే మోస్తానే" అని. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నెలల తరబడి బస్సుల్లో తిప్పి నువ్వు సాధించలేనిది మా ఇంటి మజ్జిగ సాధించింది. వచ్చేవారం దింపుతాను. ఇంక ఆ అనకాపల్లి పేరెత్తకు.

సన్యాసమ్మ


చోడవరం,
ఆశ్వయుజం.

వదిన గారికి,

మీ మజ్జిగ మహిమ రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

మీరు దింపి వెళ్ళినప్పుడు నిజంగానే హుషారుగా ఉన్నారు. ఎంత హుషారంటే నిద్ర కూడా అక్కర్లేకపోయింది. తర్వాత తిండి మానేశారు. పూర్తిగా కాదు. తొక్క ఉన్నవి మాత్రం తినేవారు. అరటిపండు, వేరుశనగకాయ, ఉడికించిన గుడ్డు. గుడ్డు కూడా పెంకు తనే ఒలుచుకోవాలి. పెంకు మీద గీతుంటే అదీ వద్దు. ఎందుకని అడిగాను. ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నీ సేతి కూడు నాను తిన్ను. ఇన్నాళ్ళూ ఇసం పెట్టేవు. అక్క సెప్పింది."

మీరు చెప్పింది మాత్రల గురించే, నాకు తెలుసు. మాత్ర ఇచ్చిన చెయ్యే అన్నం పెడుతుంది కదా. ఆయన లెక్కలో తప్పు లేదు.

ఆ తర్వాత కనబడకుండా పోయారు. పక్క మడి పరదేశి మావయ్య చెరుకు తోట మధ్యలో చూసి కేకేశాడు. వెళ్ళేసరికి ఆకు కోసేసిన ఒంటితో కూర్చుని, ఎవరికో బదులు చెబుతున్నారు. ఆ గొంతులు దూరం నుంచి దగ్గరికి వచ్చేశాయన్నమాట. బియ్యం బస్తా ఎత్తారని రాశారు. ఆ రోజు ఆయన్ని నలుగురు ఎత్తవలసి వచ్చింది.

మళ్ళీ ఆసుపత్రిలో పెట్టి, కుదుటపడ్డాక అనకాపల్లికే పంపారు. అక్కడివాళ్ళు తిట్టలేదు. తిడితే బాగుండును. ఇంటివాళ్ళ మీటింగు పెట్టి అత్తని కూడా రప్పించారు. మాత్రలు ఎందుకు ఆగాయి అని డాక్టరు అడిగారు. అత్త నా వైపు చెయ్యి చూపించి, "ఇది పుట్టింటికి పోనాది బాబూ" అంది. అందరూ నన్ను చూశారు. ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ కాలి బొటనవేలు చూసుకుంటాను. ఆ రోజూ చూసుకున్నాను. చూసుకుంటూనే, "మాత్రలు కాలవలో పోసేరండి. ఎవరు పోసేరో అత్తకి తెలుసు. సేతులు వణుకుతున్నాయని పోసేరు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

డాక్టరు ఏమన్నారో తెలుసా? వణుకుతున్నాయని ముందే ఎందుకు చెప్పలేదమ్మా, మోతాదు మారుస్తాం, వణుకు తగ్గడానికి వేరే మాత్రుంది అన్నారు. అంతే వదినా. చెబితే అయిపోయేది. నాకు నోరు లేదు, చెప్పలేదు. మీకు నోరుంది, ఫోనుంది, డాక్టరు నంబరుంది. కాలవ దగ్గరగా ఉందని కాలవకి చెప్పుకున్నారు.

అప్పలనరసమ్మ


గాజువాక,
కార్తీకం.

నరసమ్మకి,

జరిగిందేదో జరిగింది. వాడు చెడిపోవాలని చేశానా? కోర్టులో ప్లీడరులా రాస్తున్నావు. తోటలో పడ్డాడని తెలిసి నేనూ తిండి తినలేదు. నీకు చెప్పాల్సిన పని లేదు కనక చెప్పలేదు.

ప్రత్యూష నిశ్చితార్థం బాగా జరిగింది. మిమ్మల్ని ఎందుకు పిలవలేదో నీకు తెలుసు. మేనమామ ఏడని అచ్చియ్యమ్మ గారు అడిగితే నడుం పట్టేసిందని చెప్పాను. ఆవిడ గుచ్చి అడగలేదు. వాళ్ళ పెద్దబ్బాయికి కూడా చెన్నైలో సెలవు దొరకలేదట. ఫోటోలు అమ్మ ఫోనుకి పంపాను.

గంప మోయడానికి మా పిన్ని కొడుకు గణపతిరావుని అనుకున్నాను. వరసకి వాడూ మేనమామే. కానీ ప్రత్యూష మొండికేసింది. "మహేష్ మావయ్య మొయ్యకపోతే నాను నడిసే వస్తాను, ఆ గంపలో కొబ్బరికాయలు మొయ్యండి" అంది. దానికి నీ గాలి తగిలినట్టుంది. కాబట్టి నువ్వే ఫోను చేసి, మావయ్య రాలేడు, వాడికే ఇష్టం లేదు అని చెప్పాలి. నీ నోటితో చెబితే నమ్ముతుంది. నువ్వు మాట్లాడేదే తక్కువ కదా, ఎప్పుడైనా మాట్లాడితే నిజమనుకుంటారు. పిల్ల పెళ్ళి చెడితే ఆ పాపం నీది.

సన్యాసమ్మ


చోడవరం,
మార్గశిరం.

వదిన గారికి,

చెప్పను.

నా నోటికి మీరిచ్చిన విలువకి సంతోషం. అంత విలువైనదాన్ని అబద్ధానికి ఖర్చు పెట్టలేను.

మేనకోడలి మాట ఆయనకి చెప్పాను. మర్నాడు గుండ్రంలో వంతు వచ్చినప్పుడు, "మా మేనకోడలి గంప నానే మొయ్యాలి. మద్దిలో వణుకొస్తే ఏటి సెయ్యాల" అని అడిగారు. ఊపిరి లెక్కపెట్టించే పిల్ల ఉంది చూశారా, అది మార్కెట్టుకి వెళ్ళి కూరగాయల గంప ఒకటి తెచ్చింది. ముందు అందులో బియ్యం పోసి మోయించారు. తర్వాత మనిషిని కూర్చోబెట్టాలి, ఎవరు కూర్చుంటారు అంటే, నేను రాసిన ఆ దువ్వెన అబ్బాయి లేచి, "పెల్లికూతుర్ని నానే" అన్నాడు. తల దువ్వుకుని, తువ్వాలు ముసుగేసుకుని, సిగ్గుపడుతూ గంపలో కూర్చున్నాడు. ఆయనా ఇంకొకాయనా ఎత్తారు. వరండా దాటకుండానే పడేశారు. పెళ్ళికూతురు దొర్లిపోయి, లేచి, మళ్ళీ తల దువ్వుకుని ఎక్కింది. ఆ తల్లి కొంగులోపల నవ్వుతుంటే కొంగంతా కదిలింది. నాకూ నవ్వొచ్చింది. అక్కడ నవ్వానని రాయడం నాకేం గొప్పగా లేదు.

వణుకొస్తే బిగపట్టుకోవద్దని నేర్పారు. "ఆగండి, దించుతాను" అని గట్టిగా చెప్పి, దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తుకోవాలి. దించి ఎత్తుకోవచ్చన్న సంగతి మన ఇళ్ళలో ఎవరికీ తట్టదు. పడేస్తాం, లేదా మొయ్యనివ్వం.

ఫోటోలు చూశాను. అచ్చియ్యమ్మ గారి మొహం బాగా పట్టి చూశాను. ఆవిడకి మీరు భయపడక్కర్లేదు. ఇంతకు మించి రాయను, అడగకండి.

పెళ్ళికి వస్తాం. ఆయన వేళకి తింటారు, వేళకి మాత్ర వేసుకుంటారు, అందరి ముందే వేసుకుంటారు. నడుం బాగానే ఉంది.

అప్పలనరసమ్మ


గాజువాక,
మాఘం.

నరసమ్మకి,

పెళ్ళి హడావిడిలో నీతో మాట్లాడటం పడలేదు. పడలేదు అనడం అబద్ధం. నీ మొహం చూడలేక తప్పించుకు తిరిగాను. నువ్వు ఆడవాళ్ళ మధ్య గోడకి అతుక్కుని కూర్చున్నావు, ఏమీ ఎరగనట్టు.

అసలేం జరిగిందో నీకు అక్కడినుంచి సరిగ్గా కనబడి ఉండదు. ఒక పక్క గణపతిరావు, ఒక పక్క మహేష్, మధ్య గంపలో పిల్ల. సగం దూరం వచ్చాక వాడి చెయ్యి వణికింది. వాడు అందరికీ వినబడేలా, "ఆగండి, దించుతాను" అన్నాడు. దించేశాడు. సన్నాయి ఆగిపోయింది. మూడొందల మంది చూస్తున్నారు. నా ప్రాణం పోయింది. అప్పుడు మగపెళ్ళివారిలోంచి వాళ్ళ పెద్దబ్బాయి, పేరు ప్రేమ్‌కుమార్, చెన్నై నుంచి ఆ పొద్దునే దిగాడని చెప్పుకున్నవాడు, దువ్వెన జేబులో పెట్టుకుంటూ ముందుకొచ్చాడు. వచ్చి, "మహేషన్నా, నన్నే మోసేవు, ఈ గుంటపిల్ల నీకో బరువేటి. ఎత్తు. నన్ను పడీసినట్టు పడీకు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. వేళాకోళమనుకుని నవ్వారు. ప్రత్యూష గంపలోంచి, "ఊపిరి తీసుకో మావయ్యా, నాకేం తొందర్లేదు" అంది. వాడు తీసుకున్నాడు, ఎత్తాడు, తెచ్చి మండపంలో దించాడు. నేను మాత్రం అచ్చియ్యమ్మ గారిని చూశాను. ఆవిడ మొహం మీదికి కొంగు లాక్కుంది. నువ్వు భాద్రపదంలో రాసిన కొంగు.

తర్వాత సామాన్ల గదిలో ఇద్దరం ఎదురుపడ్డాం. చాలాసేపు లడ్డూల బుట్టలు చూస్తూ నిలబడ్డాం. చివరికి ఆవిడే, "మీవోడికి ఎన్నాళ్ళ నుంచండి" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను తిట్టులా కాకుండా అడిగింది ఆవిడొక్కతే.

నువ్వు ఫోటో చూసిన రోజే కనిపెట్టావు. ఒక్క ముక్క రాస్తే నేనన్ని నెలలు కొలిమిలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని కాదు. నీ గుండె ఏం గుండె.

సరే, ఇప్పుడు ఒక మాట. వియ్యపురాలూ నేనూ ఆలోచించుకున్నాం. ఎవరైనా అడిగితే మహేష్‌కి కూడా చెన్నైలోనే ఉద్యోగమైందని చెబుదాం. ఇద్దరూ ఒకే కంపెనీ. స్నేహం కూడా దానికి సరిపోతుంది. నువ్వు కూడా అలాగే చెప్పు. డే కేర్ మానెయ్యమని ఇంక అనను. వెళ్ళి రండి, కానీ పేరు చెన్నై.

సన్యాసమ్మ


చోడవరం,
ఫాల్గుణం.

వదిన గారికి,

ఎందుకు చెప్పలేదని అడిగారు. గోడ మీద రాసింది నాకు చదవడం వచ్చు. ఐదో తరగతి చదువు అంతవరకు చాలింది.

మీరు వాళ్ళ వంశానికి భయపడ్డారు. వాళ్ళు మీ వంశానికి భయపడ్డారు. ఇద్దరి భయానికీ మధ్య మీ తమ్ముడి మాత్రలు కాలవలో పడ్డాయి. ఇంత జరిగాక సామాన్ల గదిలో పెద్దవాళ్ళిద్దరూ కలిసి ఆలోచించి తేల్చిందేమిటంటే, ఇంకో అబద్ధం. అదీ ఒకే కంపెనీలో. మీ తెలివికి దణ్ణం పెట్టాలి.

చెన్నై సంగతి ఆయనకి చెప్పాను. మర్నాడు పొద్దున ఆర్టీసీ కాంప్లెక్సులో అనకాపల్లి బస్సు వచ్చి ఆగితే, "లేవే, చెన్నై బస్సొచ్చింది" అన్నారు. లోపల కూర్చున్నాక కండక్టరుతో, "రెండు చెన్నైలియ్యి" అన్నారు. ఆ కండక్టరు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, నిజంగానే పిచ్చోళ్ళని చూసినట్టు చూసి టికెట్లు కొట్టాడు. ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు. అనకాపల్లి దాకా నవ్వుకుంటూనే ఉన్నారు. ప్రేమ్‌కుమార్ మా కన్నా ముందే వచ్చి గేటు దగ్గర తల దువ్వుకుంటున్నాడు. "మేనేజరు గారూ, గుడ్ మార్నింగ్" అన్నారు ఆయన. "లేటయ్యేరు, జీతం కోస్తాను" అన్నాడు వాడు. ఇద్దరూ కాగితం సంచుల దగ్గరికి వెళ్ళిపోయారు.

మీ అబద్ధం మీ తమ్ముడికి బాగా పనికొచ్చింది. నాకు మాత్రం వద్దు. నన్ను అడిగినవాళ్ళకి అనకాపల్లి అనే చెబుతున్నాను. నా గొంతు చిన్నది కనక ఒకటికి రెండుసార్లు చెప్పవలసి వస్తోంది.

పప్పులో ఇప్పుడు ఉప్పు ఆయనే వేస్తున్నారు. ఎక్కువ వేస్తున్నారు.

వచ్చే శనివారం ఇంటివాళ్ళ మీటింగు. జబ్బు మళ్ళీ తిరగబెట్టే ముందు మనిషిలో ఏ గుర్తులు కనబడతాయో, కనబడితే ఏం చెయ్యాలో తోడబుట్టినవాళ్ళకి కూడా చెబుతారట. కాలవ అందులో ఉండదు. అచ్చియ్యమ్మ గారు వస్తున్నారు. ఈసారి కొంగు కప్పుకోనన్నారు, చూడాలి. మీరూ రండి. గాజువాక నుంచి చెన్నై ఏమంత దూరం కాదు, పొద్దున బయల్దేరితే టిఫిన్ల వేళకి దిగిపోతారు.

వరండాలో కూర్చోనివ్వరు, ముందే చెబుతున్నాను. ఇంటివాళ్ళకి కూడా కుర్చీలు గుండ్రంగానే వేస్తారు. మీ వంతు వస్తుంది. రాత్రి నిద్ర పట్టిందా అని మిమ్మల్నీ అడుగుతారు.

మీ మరదలు,
అప్పలనరసమ్మ